మక్క సాలు ఆగిన చోట

నడుము నొప్పి రాకపోతే నేను గుట్టలెక్కేదాన్నే కాదు. కోరుట్లలో నాది బట్టలు కుట్టే దుకాణం. ఏళ్ల తరబడి మిషను మీద వంగి వంగి, చివరికి చెప్పులు వేసుకోవడానికి కూడా గోడ పట్టుకోవలసి వచ్చింది. మందులకంటే నడకే మేలు అన్నాడు డాక్టరు. అప్పటినుంచి ఆదివారం దుకాణానికి తాళం వేసి ఏదో ఒక గుట్ట చూసుకోవడం, తిరిగొచ్చి ఇక్కడ రాయడం అలవాటైంది. చదివేవాళ్లలో ఎక్కువమంది ఆడవాళ్లే. "వానల్లో ఒక్కదాన్నే వెళ్లగలిగే చోటు ఒకటి చెప్పక్కా" అని కొందరు పోరు పెడుతుంటే, ఎప్పటినుంచో మనసులో ఉన్న, నేను దీవి గుట్ట అని పిలుచుకునే చోటుకు బయల్దేరాను. ముందే చెబుతున్నాను, ఇది హాయిగా చదువుకునే రాత కాదు. మిరపకాయ బజ్జీలు పక్కన పెట్టుకుని కూర్చున్నవాళ్లు అవి తినేసి రండి.

మానేరు మీద జలాశయం కట్టినప్పుడు మునిగిన ఊళ్లలో ఒకదాని వెనక ఈ గుట్ట ఉంది. ఊరు మునిగింది, గుట్ట మునగలేదు. నీళ్లు నిండితే నాలుగు వైపులా నీళ్లే, మధ్యలో గుట్ట, దాని అవతలి వాలులో కొన్ని చేన్లు. ఎండాకాలం నీళ్లు తగ్గినప్పుడు ఊరి పాత తారురోడ్డు బయటపడుతుంది. వానలు మొదలైన కొత్తలో ఇంకా కొన్నాళ్లు ఆ రోడ్డు మీదుగా నడిచి వెళ్లొచ్చు. పచ్చదనం, నీళ్లు, మబ్బులు అన్నీ ఒకేచోట దొరికేది ఆ కొద్దిరోజులే. ఊరి పేరు మాత్రం రాయను. ఎందుకో చదివితే మీకే తెలుస్తుంది.

కోరుట్లలో పొద్దున్నే కథలాపూర్ మీదుగా వేములవాడ పోయే బస్సెక్కాను. ఆధార్ కార్డు చూపిస్తే మనకు టికెట్టు సున్నా. మగవాళ్లు చార్జీ ఎంతో కండక్టరునే అడగండి, నేను అడగలేదు. కథలాపూర్ దాటేసరికి తుంపర మొదలైంది. కిటికీ అద్దం మూతపడక ఎడమ భుజం తడిసిపోయింది. వేములవాడలో సిరిసిల్ల బస్సుకు మారి, మధ్యలో దిగి ఆటో మాట్లాడుకున్నాను. పోను రాను, మధ్యలో ఆగినంతసేపుతో కలిపి నాలుగు వందలన్నాడు. బేరమాడితే ఇంకో యాభై తగ్గుతుందేమో కానీ, ఆ మనిషి గొంతు విని నాకు బేరమాడే ధైర్యం రాలేదు. పక్కనే కూర్చున్నా పొలం అవతలి గట్టు మీద ఉన్నవాణ్ని పిలిచినట్టు మాట్లాడతాడు.

"గుట్టకా? గీ వానలనా? ఏమున్నదక్కా ఆడ?"

"ఏం లేదు తమ్మీ, నడుస్త."

"నడుసుటానికి గింత దూరమచ్చినవా? కోరుట్లల రోడ్లు లెవ్వా?" అని వాడే నవ్వి, వాడే సర్దుకున్నాడు. "గట్టిగ మాట్లాడుతున్నని ఏమనుకోకక్కా. సిరిసిల్లల పదిహేనేండ్లు సాంచెలు నడిపిన. ఆ మరమగ్గాల సప్పుడుకు చెవులు వోయినయ్. ఇంట్ల గూడ గిట్లనే అరుస్త, నా పెండ్లాం రోజు తిడ్తది."

ముంపు ఊరివాళ్లకు కట్టిన కాలనీ నీళ్లకు ఇటు ఒడ్డున ఉంది. గీత గీసినట్టు వీధులు, అన్నీ ఒకే తీరు ఇళ్లు. ఏది ఎవరిదో తెలియక కొందరు తలుపు మీద పెద్దక్షరాలతో ఇంటిపేరు రాసుకున్నారు. మేం చివరి వీధికి వచ్చేసరికి వాన ఒక్కసారిగా దబదబా దంచింది. ఆటోవాడు రేకుల పందిరి ఉన్న ఇంటి ముందు ఆపి, "ఈణ్నే ఉండక్కా, జల్లు తగ్గినంక పోదువు" అన్నాడు. పందిరి కిందికి చేరాకే చూశాను, అది చావిల్లు. గోడమీద రెండు మోదుగాకు విస్తళ్లు, వాటిలో వానకు నానిన అన్నం.

వెనక్కి తిరిగేలోగా ఆటోవాడు తన మామూలు గొంతుతో లోపలున్న ముసలామెకు చెప్పేశాడు. "గీ అక్క కోరుట్ల నుంచి అచ్చింది! గుట్టకు పోతదట!" ఆ కేక వీధి చివరిదాకా వినపడి ఉంటుంది. లోపల, గడప పక్కన గోడకు ఆనుకుని కూర్చున్న ఒక మనిషి తలెత్తి నన్ను చూసింది.

ఆమె రాజవ్వ. యాభై ఏళ్లుంటాయేమో. పది రోజుల కిందట భర్త మల్లయ్య పోయాడు. గుట్ట అవతల మిగిలిన చేన్లో మక్కలు, అంటే మొక్కజొన్న గింజలు, పెట్టడానికి వెళ్లి అక్కడే గుండె ఆగి పడిపోయాడు. కర్మలు ముగిసేదాకా ఆమె గడప దాటకూడదు. ముసలామె మల్లయ్య అక్క, పోశవ్వ. మగవాళ్లంతా మర్నాటి కర్మకు సామాను తేవడానికి సిరిసిల్ల పోయారు. నాకు ఇదంతా ఒక గ్లాసు మంచినీళ్లు తాగేలోపల తెలిసింది, ఎందుకంటే పోశవ్వ మాట్లాడుతూనే ఉంది.

"మూడొద్దులకు పెట్టినం, ముట్టలే. ఐదొద్దులకు పెట్టినం, ముట్టలే. ఇయ్యాల పొద్దటిసంది రెండుపార్ల పెట్టినం. కాలనీ నిండ పిట్టలే, ఒక్కటి ఇటు దిక్కు సూడలే. ఎట్ల సూస్తయ్? ఇది నోటితోని అన్నది, గట్లనే అయింది" అని రాజవ్వ వైపు చెయ్యి చూపింది.

తెలియనివాళ్ల కోసం చెబుతాను. మా వైపు చనిపోయినవాళ్ల పేరిట వండి కాకికి పెడతారు. ఆ పని దగ్గర కాకి అనరు, పిట్ట అంటారు. పిట్ట ముట్టిందా అంటే పోయినవాళ్లు తృప్తిగా వెళ్లిపోయారని. ముట్టకపోతే వాళ్ల మనసులో ఏదో మిగిలిందని. అప్పుడు ఇంటివాళ్లు ఒక్కొక్కరే విస్తరి దగ్గర నిలబడి, నీ చేను చూసుకుంటం, నీ భార్యను చూసుకుంటం అని పైకి చెబుతారు. ఏ మాటకు పిట్ట దిగితే ఆ మాటే పోయినవాళ్ల మనసులో ఉందన్నమాట. మల్లయ్యకు అందరూ అన్నీ చెప్పారు. దిగలేదు.

పోశవ్వ వంటింట్లోకి పోగానే రాజవ్వ చెయ్యి ఊపి నన్ను దగ్గరకు పిలిచింది.

"చెల్లె, వాన మొదలైంది, నీళ్లస్తయ్, ఆ చేను ఇడిసిపెట్టు అని నేను ఒక్కతీర్గ మొత్తుకున్న. ఇనలే. మక్కలు పెట్టొస్త అని సంచి భుజాన ఏస్కున్నడు. నాకు కోపమొచ్చింది. 'పో, ఆన్నే ఉండు' అన్న. పెండ్లయినసంది ఆయన ఇల్లు ఎల్లేటప్పుడు పోయి రా అనని దినం లేదు. గా ఒక్కనాడే అనలే. పొద్దుగూకినా రాలే. కోపమొస్తే ఆడ గుడిసెల పండుకునుడు ఆయనకు అలవాటే. పండుకోని తియ్ అనుకున్న. నేను గిట్ల ఇంట్ల బువ్వ తింటున్న, ఆయన ఆడ వానల వడి ఉన్నడు."

ఆమె పక్కనున్న మూటను నావైపు జరిపింది. మడతపెట్టిన విస్తరి, అన్నం, పప్పు, ఆయనకు ఇష్టమైన ఉడకబెట్టిన మక్క గుడాలు, చిన్న సీసాలో కల్లు.

"ఆయన పడ్డకాడ పెట్టు. పెట్టి, రాజవ్వ ఇంటికి రమ్మంటున్నది అని అను. గట్టిగ అను."

నిజం చెప్పాలంటే నాకు విసుగే వచ్చింది. నేను నడవడానికి వచ్చాను, ఎవరి కర్మకాండో నెత్తికెత్తుకోవడానికి కాదు. "అక్కా, నేను ఎరుకలేని మనిషిని. ఇంటోళ్లు పెట్టాలె గదా" అన్నాను.

"ఎరుకున్నోళ్లందరు పెట్టిండ్రు చెల్లె" అంది రాజవ్వ.

పోశవ్వ వచ్చి, "బాటెంబడి పోయేదానితోని పంపుతవా?" అని లేచింది కానీ, ఆమె గొంతులోనూ ఆశ దాగలేదు. పిట్ట ముట్టిందంటే తమ్ముడు వెళ్లిపోయాడని ఆమె కూడా ఊపిరి పీల్చుకుంటుంది. మరదలి మీద పడిన మాట కూడా పోతుంది. ముట్టకపోతే ఆ మాట ఈ కాలనీలో రాజవ్వ బతికున్నంతకాలం ఉంటుంది. మూట సంచిలో పెట్టుకున్నాను.

వాన తెరిపిచ్చింది. ఆటోవాడు రోడ్డు నీళ్లలోకి దిగేచోట వదిలి, "నీళ్లు జూసుకుంట ఉండక్కా. పైన వాన వడ్తే ఇటు గప్పున లేస్తయ్, పైలం" అని నాలుగుసార్లు అరిచాడు. అక్కడినుంచి పాత తారురోడ్డు మీద గుట్ట మొదలుకు అరగంట నడక. రోడ్డంతా ఎండిన నాచు, దాని మీద కొత్త వాన. సబ్బు మీద నడిచినట్టే ఉంది, కర్ర లేకుండా వెళ్లకండి. రెండుపక్కలా మొండిగోడలు. ఒక ఇంటి గోడకు అలమర గూళ్లు ఇంకా ఉన్నాయి, పై గూటిదాకా ఒండ్రు పేరుకుంది. కరెంటు స్తంభాలు తీగలు లేకుండా నీళ్లలోకి వరసగా నడిచిపోయాయి. ఫోటోలు తీద్దామని ఫోను తీశాను కానీ, భుజాన ఆ మూట ఉండగా తీయబుద్ధి కాలేదు.

గుట్ట పెద్దది కాదు. సీతాఫలం చెట్ల మధ్య నుంచి మేకల బాట ఒకటి పైకి పోతుంది. తర్వాత బోడి రాతిగుండ్లు, తడిస్తే కాలు నిలవదు. రెండుచోట్ల నాలుగు కాళ్ల మీద ఎక్కాను, చూసేవాళ్లు లేరు కనుక సిగ్గు లేదు. ఒక జల్లు కొడుతుంది, ఆగుతుంది, అర నిమిషం ఎండ కాస్తుంది, మళ్లీ జల్లు. పైకి చేరేసరికి లోపలి బట్టలదాకా తడిశాయి. నిండా గంట పట్టింది. పైనుంచి చూస్తే నీళ్లు, నీళ్ల మీద నడుస్తున్న వానతెరలు, చాలా దూరాన కాలనీ ఇళ్లు. అందంగా లేదని అనను. కానీ అక్కడ పడిపోయిన మనిషి ఎంత అరిచినా ఎవరికీ వినపడదని కూడా పైనుంచే తెలిసింది. ఫోనులో సిగ్నలు గీత ఒక్కటీ లేదు.

అవతలి వాలులో చేను వెతుక్కోవలసిన పని లేకపోయింది. దున్నిన ఎర్రమట్టి, అందులో బెత్తెడెత్తు మక్క మొలకలు, సాలు వెంబడి సాలు, నూలుపోగు పట్టి గీసినట్టు వరసగా. ఒక సాలు మధ్యదాకా వచ్చి ఆగిపోయింది. దాని తర్వాత ఒట్టి మట్టే. సాలు ఆగినచోట గింజల సంచి పడి ఉంది. సంచిలోనే గింజలు మొలకెత్తి, బట్ట నేతలోంచి తెల్లని ముళ్లలాగా బయటికి వచ్చాయి. అంతవరకు ఆయన నాకు ఒక పేరు మాత్రమే.

ఆ సాలు కొసన రాయి తుడిచి విస్తరి పరిచాను. అన్నం, పప్పు, గుడాలు పెట్టి, కల్లు సీసా మూత తీసి పక్కన నిలబెట్టాను. చుట్టూ ఎవరూ లేకపోయినా సిగ్గుగా ఉంది. గొంతు సవరించుకుని, "మల్లన్నా, రాజవ్వ ఇంటికి రమ్మంటున్నది" అన్నాను. నాకే సరిగా వినపడలేదు. గట్టిగ అనమంది కదా. ఈసారి ఆటోవాడిలాగా అరిచాను. గుట్టకు తగిలి నా గొంతే తిరిగొచ్చింది. తర్వాత దూరంగా జరిగి, గుడిసె చూరు కింద కూర్చున్నాను.

తీతువు ఒకటి అరుచుకుంటూ తిరిగింది. నీళ్ల అంచున కొంగలున్నాయి. విస్తరి దగ్గరకు ఏదీ రాలేదు. వాన పడుతోంది కదా, ఆగితే వస్తాయిలే అనుకున్నాను. ఆగింది. రాలేదు. కూర్చుని కూర్చుని ఊరికే మొలకల వరసలు చూస్తుంటే, ఎక్కడా ఒక్క ఖాళీ లేదని గమనించాను. చిన్నప్పుడు మా చేన్లో మక్కలు పెడితే పొద్దున్నే నన్ను కాపలాకు తోలేవాళ్లు. కాకులు మొలక పట్టి పీకి, కింది గింజ తిని, మొలకను పక్కన పడేస్తాయి. ఒక్క పూట ఏమారితే వరసలో పండ్లూడిన నోరులాగా ఖాళీలు పడతాయి. ఇక్కడ పది రోజులుగా మనిషి లేడు, దిష్టిబొమ్మ లేదు, ఒక్క మొలకా పోలేదు.

ఇక్కడ కాకులే లేవు. కాకి మనిషి ఎంగిలి మీద బతికేది. ఊరు లేచిపోయాక అవి ఈ గుట్ట మీద ఎవరిని చూసుకుని ఉంటాయి? పోశవ్వే అంది కదా, కాలనీ నిండా పిట్టలేనని. నేను సాయంత్రందాకా కూర్చున్నా ఈ విస్తరి ఎవరూ ముట్టరు. నాకు ఏడుపొచ్చింది, కోపమూ వచ్చింది. మెతుకులు నాలుగు చెదరగొట్టి, ముట్టినట్టు చేసి ఫోటో తీసుకుందామా అనిపించింది. చెయ్యలేకపోయాను.

ఎగువన మబ్బు నల్లగా కమ్ముకుంటుంటే దిగాను. రోడ్డు దగ్గరకు వచ్చేసరికి పల్లంలో నీళ్లు రోడ్డు మీదికి ఎక్కేశాయి. మడమలు మునిగాయి, తర్వాత పిక్కలు. రోడ్డు అంచు కనపడదు. స్తంభాల వరసను గురుతు పెట్టుకుని, కర్రతో తారు తడుముకుంటూ నడిచాను. ఒకచోట కర్రకు తారు తగల్లేదు, అడుగు వెనక్కి తీసి మళ్లీ వెతుక్కున్నాను. ఆ నీళ్లలో నడుస్తూనే అబద్ధం తయారుచేసుకున్నాను. రెండు పిట్టలొచ్చాయి, ఒకటి గుడాలు తిన్నది, ఇంకోటి కల్లు చుట్టూ తిరిగింది. ఎవరు చూడొచ్చారు?

ఆటో దిగేసరికి పందిరి దగ్గరే పోశవ్వ ఎదురొచ్చింది. "ముట్టిందా?"

"ముట్టింది."

ఆమె రెండు చేతులూ నెత్తిన పెట్టుకుని, "నా తమ్ముడా" అని భోరున ఏడ్చింది. నా చేతులు పట్టుకుంది. కల్లు ముట్టిందా అని అడిగింది, అదీ చెప్పాను. పక్కింటివాళ్లకు చెప్పడానికి వానలోనే ఉరికింది. రాజవ్వ కదల్లేదు. గడప లోపల, కాళ్లు అడ్డంగా చాపుకుని అలాగే కూర్చుంది.

"మొలకలు ఎట్లున్నయ్ చెల్లె?"

"మంచిగున్నయక్కా."

"ఒక్కటి గూడ పీకలే?"

"లేదక్కా, ఒక్కటి గూడ..." అన్నాను. అన్నాక నాలుక కరుచుకున్నాను.

ఆమె నా ముఖంలోకి చూసింది. కోపం లేదు. "ఊరు లేసినంక కాకులు గూడ మనెంబడే పోయినయే, నాకు కాపలా బాధ తప్పింది అని ఆయన ఏటేట నవ్వేటోడు. ముట్టిందనే ఉండనీ. పోశవ్వకు నిమ్మలమైతది."

"మరి ఎరికుండి నన్ను ఎందుకు పంపినవక్కా?"

"పిట్టకోసం పంపలే. మాట పంపిన. అన్నవా?"

"అన్న. గట్టిగనే అన్న."

"ఏమని?"

"మల్లన్నా, రాజవ్వ ఇంటికి రమ్మంటున్నది అని."

రాజవ్వ చాపిన కాళ్లు ముడుచుకుంది. గోడకు ఇంకా దగ్గరగా జరిగి, గడపలో మనిషి పట్టేంత దారి ఇచ్చింది. తడిసి ఉన్నాను కదా, నన్నే రమ్మంటోందనుకుని కాలు ముందుకు పెట్టాను. ఆమె మెల్లగా చెయ్యి అడ్డం పెట్టింది.

"నువ్వు జర పక్కకు జరుగు, చెల్లె."

జరిగాను. ఇద్దరం ఆ తెరిచిన గడపకు చెరోపక్కన ఉండిపోయాం, బయట వాన పడుతూనే ఉంది. చావింటి నుంచి వచ్చేటప్పుడు పోయొస్త అనకూడదు, అందుకని నోటిదాకా వచ్చిన మాట మింగి వెనక్కి తిరిగాను. వీధిలోకి అడుగు పెట్టాక వెనకనుంచి ఆమె గొంతు వినిపించింది. "పోయి రా, చెల్లె." ఆ ఇంట్లో ఆ మాట అనకూడదని ఆమెకు తెలియక కాదు.

ఆ చేను ఇప్పుడు నీళ్ల మధ్య ఒంటరిగా ఉంటుంది. మక్కలు ఎవరు కోస్తారో, సాలు సగం దగ్గర ఏం మొలుస్తుందో తెలియదు. కర్మ చేస్తే పోయినవాళ్లకు అందుతుందా లేదా అన్న వాదన నాకు చేతకాదు. ఒక మనిషి అనాల్సిన మాట అనకపోతే, దాన్ని మోసుకుని గుట్ట దాటించడానికి బాటన పోయే దర్జీ మనిషి కావలసి వచ్చిందని మాత్రం తెలుసు. కాలనీ వాళ్లు ఈరోజుకీ పిట్ట ముట్టిందనే అనుకుంటున్నారు. అందుకే ఊరి పేరు రాయలేదు.

ఇక మీలో ఒంటరిగా నడిచేవాళ్లకు ఒక్క సలహా. రోడ్డు అంచు కనపడకపోతే నీళ్లలో దిగకండి అని నేను చెప్పక్కర్లేదు, మీకే తెలుసు. ఇంట్లో కనీసం ఒకరికి ఎక్కడికి పోతున్నారో, చీకటి పడేలోగా రాకపోతే ఎక్కడ వెతకాలో చెప్పండి. నేను ఇన్నాళ్లూ చెప్పకుండానే పోయేదాన్ని. ఇప్పుడు ఆదివారం పొద్దున చెప్పులేసుకుని, నిద్రలో ఉన్నా సరే మా ఆయన్ని లేపుతున్నాను. విసుక్కుంటాడు. విసుక్కోనీ. ఆయన పోయి రా అనేదాకా గడప దిగడం లేదు.